ఎప్పటి సంది ఇట్లున్నది

నా బిడ్డకు రెండేండ్లు నా చేతితోని గోలీలేసిన. పొద్దున ఒకటి, మాపటికి రెండు. ఒక్కనాడు గూడ తప్పియ్యలే. మందు తప్పియ్యద్దని ఊరూరు తిరిగి చెప్పేదాన్ని, ఇంట్ల ఎట్ల తప్పిస్త?

నేను ఏఎన్‌ఎంను. ఊర్లల్ల సిస్టరమ్మ అంటరు. చంటిపిల్లలకు టీకాలేసుడు, గర్భిణులకు రక్తం చూసుడు, కార్డులు రాసుడు నా పని. మా ఆయన బస్సు డిపోల మెకానిక్. పెండ్లయినంక పదేండ్లకు పైన బోథ్ దిక్కే ఉన్నం. మా బావ, తోటికోడలు, మా అత్తమ్మ, మేము, అందరం ఒక్క ఇంట్లనే. బిడ్డ పుట్టిన కొన్ని నెలలకే నేను డ్యూటీల చేరిన. వాగు అవతలి గూడేలకు పోతే పొద్దున పోయినదాన్ని దీపాలు పెట్టే యాళ్లకు వస్తుంటి. బిడ్డ మా అత్తమ్మ చేతులల్ల పెరిగింది. ఊరి చిన్న బడికి గూడ ఆమెనే తోల్కపోయి, విడిచేదాంక అక్కడనే కూసునేది. నేను వచ్చేసరికి తిని, తానం చేసి, ఆమె పక్కల పండుకొని ఉండేది. ఎంత మంచి పిల్ల, సతాయించదు అనుకునేదాన్ని. టీకా సీసాల మీది రంగు మూతలు కడిగి తెచ్చిస్తే వాటితోనే ఆడుకునేది. ఎర్రవి, పసుపువి, నీలంవి గోడ పొంటి వరుసగ పెట్టేది. ఎవరన్న ఒక్క మూత జరిపితే అన్నీ తీసి మల్ల మొదటి నుంచి పెట్టేది. తెలివిగల్ల పిల్ల అని నేను సెంటర్‌ల చెప్పుకొని మురుస్తుంటి.

బిడ్డకు తొమ్మిదేండ్లప్పుడు మా ఆయనకు కరీంనగర్ బదిలీ అయింది. కొన్ని నెలలకు నేను గూడ చొప్పదండి దిక్కు ఒక సబ్‌సెంటర్‌కు మార్పించుకున్న. అత్తమ్మ మా బావ వాళ్లతోనే ఉన్నది. కరీంనగర్‌ల మాకు రెండర్రల కిరాయి ఇల్లు, సందు చివర ఒక ప్రైవేట్ బడి, అందుల నాలుగో తరగతి.

బడిల చేరిన రెండో నెల నుంచి ఫోన్లు మొదలైనయి. బెల్లు కొడితే బెంచీ కిందికి దూరుతున్నదని ఒకనాడు. పక్క పిల్ల జడ సదరబోతే ఆ పిల్ల చెయ్యి కొరికిందని ఇంకోనాడు. ఇంట్ల ఇంకో తీరు. ఒక్కతే నవ్వుకుంట గోడ పొంటి ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు గంటల కొద్ది తిరిగేది. నిద్ర సరిగ పోకపోయేది. మల్ల ఒకనాడు ఏ కారణం లేకుండనే నేల మీద పడి గొంతు పోయేటట్టు ఒర్రేది, తన మణికట్టు తనే కొరుక్కునేది. అటెన్క రెండు రోజులు గోడ దిక్కు మొఖం పెట్టి పండుకునేది. మాట లేదు, పలుకు లేదు. ఏ కారణం లేకుండ అని ఇప్పుడు రాస్తున్న గని, అప్పుడు నాకు కారణం కనపడలే. గంతే.

పిల్లల డాక్టర్‌కు చూపిస్తే మనసు డాక్టర్ దగ్గరికి పొమ్మన్నడు. పోయినం. పెద్దమనిషి, నిమ్మళంగ మాట్లాడిండు. సంతోషం ఎక్కువైతదా, అయితది సార్. నిద్ర తగ్గుతదా, తగ్గుతది. కోపం? ఏడుపు? ఎవరితోని మాట్లాడకుండ పండుకుంటదా? అన్నిటికి అవుననే చెప్పిన. రోజుల లెక్కతోని, వరుసగ, పై అధికారికి రిపోర్ట్ ఇచ్చినట్టు చెప్పిన. ఆఖరికి ఆయన అడిగిండు.

"ఎప్పటి సంది ఇట్లున్నది?"

"ఇక్కడికి వచ్చినంక సార్. అంతకు ముందు మంచిగనే ఉండె."

ఆ ఒక్క జవాబుతోనే అంతా తేలిపోయింది. మూడ్ జబ్బు అన్నడు ఆయన. కొన్ని రోజులు మనసు పైకి లేస్తది, కొన్ని రోజులు కిందికి పడ్తది, పిల్లలల్ల గూడ వస్తది, పరేషాన్ కావద్దు అన్నడు. మందులు రాసిండు. ఆయనను నేను ఎన్నడు తప్పు పట్టలే. నేను చెప్పిన పిల్లకు ఆయన మందు రాసిండు.

గోలి పండు ముక్కల పెట్టి ఇచ్చేదాన్ని. నోరు తెరువు బిడ్డా అంటే తెరిచేది. నెల తిరిగేసరికి ఒర్రుడు తగ్గింది. ఆరు నెలలకు బట్టలు పట్టలే. బడి నుంచి రాంగనే పండుకునేది. పెన్సిల్ పట్టుకుంటే చెయ్యి వణికేది. క్లాసు టీచర్ ఒకనాడు గేటు కాడ కలిసి, "మీ పాప ఇప్పుడు మంచిగైంది మేడం, అల్లరి లేదు, కూసోబెట్టిన కాడనే కూసుంటది" అన్నది. నేను ఆమె చెయ్యి పట్టుకొని వందనాలు చెప్పిన. రంగు మూతల డబ్బా ఎప్పుడు మంచం కిందికి పోయిందో నేను చూడలే. సతాయించని పిల్ల మల్ల వచ్చిందని సంతోషపడ్డ.

మేము మెథడిస్ట్ చర్చికి పోయేటోళ్లం. ఒక ఆదివారం సాయంత్రం చర్చి అక్కలు నలుగురు ఇంటికి ప్రార్థనకు వచ్చిండ్రు. మంచి మనసుతోనే వచ్చిండ్రు. కండ్లు మూసుకొని నలుగురు ఒక్కసారే బిడ్డ నెత్తి మీద చేతులు పెట్టిండ్రు. మందు మీదున్న పిల్ల గూడ కొట్టుకున్నది, చేతులు ఇదిలిచ్చుకొని అర్రలకు ఉరికి తలుపేసుకున్నది. నేను ఆ అక్కల ముందట తల వంచుకొని, ఏమనుకోవద్దు అన్న. వాళ్లు పోయినంక బిడ్డను కోపం చేసిన. నెత్తి ముట్టుకుంటే దానికి కాలినట్టు ఉంటదని నాకు తెల్వది. తెల్వదంటే, తెలుసుకోలే.

మా ఆయనది ఇంకో సంగతి. చుట్టాలింట్ల పెండ్లి. బరాత్‌ల డప్పులు, బాజాలు దగ్గరికి వచ్చినయి. బిడ్డ కొత్త బట్టలతోని నడి తొవ్వల పడి దొర్లింది. నలుగురు చూస్తున్నరు. ఆయనకు ఏమనిపించిందో, చెంప మీద ఒక్కటి కొట్టిండు. అది ఏడ్వలే. లేచి నిలబడ్డది. తెల్లారి నుంచి ఎప్పుడు పరేషాన్ అయినా తన చెంప మీద తనే, అదే చెంప మీద, అట్లనే కొట్టుకునుడు మొదలు పెట్టింది. ఎన్నో నెలలు కొట్టుకున్నది. మా ఆయన అది చూసినప్పుడల్ల బయటికి పోయేటోడు.

రెండేండ్లు గడిచినంక ఒకనాడు బాత్రూంల తూలి పడ్డది. మా పీహెచ్‌సీల డాక్టరమ్మ చేతుల వణుకు చూసి, మందుల చీటీలు చూసి, "ఒక్కసారి పిల్లల మనసు మాత్రమే చూసేవాళ్లకు చూపియ్యి" అన్నది. కరీంనగర్‌కు వారానికి ఒకనాడు అటువంటి డాక్టరమ్మ ఒకామె వస్తుండె. పోయినం.

ఆమె కుర్చీల కూసోలే. నేల మీద చాప పరిచి బిడ్డతోని కూసున్నది. గంట సేపు మమ్ముల ఏమడగలే. ఏవో చెక్క ముక్కలు ముందట పోస్తే బిడ్డ మత్తు కండ్లతోనే వాటిని రంగుల వారీగ పెట్టింది. డాక్టరమ్మ ఒక ముక్క జరిపింది. బిడ్డ అన్నీ తీసి మల్ల మొదటి నుంచి పెట్టింది. అప్పుడు ఆమె నా దిక్కు తిరిగి అడిగింది.

"ఏడాది వయసులో పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూసేదా?"

"చూసేదనుకుంట మేడం."

"ఏదైనా నచ్చితే వేలుతో చూపించి మీ మొహం చూసేదా? అదిగో చూడమ్మా అన్నట్టు?"

నాకు యాదికి రాలే. యాదికి రాకపోవుడు కాదు, నేను చూడనే లేదు. నా దగ్గర ఫైలు ఉండె. అందుల బిడ్డ చిన్నప్పటి కార్డు తీసి ఇచ్చిన. నా కార్డే, నేను రాసిందే. టీకాలు, బరువు అన్నీ ఉన్నయి. వెనక పేజీల, పిల్ల ఏ నెలకు ఏం చేస్తది అనే ప్రశ్నలు ఉంటయి. పిలిస్తే తిరుగుతదా, వేలు పెట్టి చూపిస్తదా. అన్నిటికి టిక్కులే. డాక్టరమ్మ వేలు వాటి మీద పెట్టింది.

"ఇవి ఎవరు పెట్టారు?"

"నేనే మేడం."

"చూసి పెట్టారా?"

మా సెంటర్ ఊర్లన్నిటి కార్డులు ఒక్క కూసునుడుల నింపుతం మేము. మా బిడ్డది గూడ వాటి నడుమనే నింపిన.

ఆమె కోపం చేయలే. కార్డు మూసి పక్కన పెట్టి చెప్పింది. "మూడ్ జబ్బు చుట్టం లెక్క వస్తుందమ్మా. అది రాకముందు పిల్ల ఒక తీరుగా ఉంటుంది. వచ్చాక కొన్ని వారాలు మారిపోతుంది. తగ్గితే మునుపటి పిల్ల మళ్లీ కనిపిస్తుంది. ఆటిజం అట్లా కాదు. దానికి ముందు అనేది లేదు, పిల్లతోనే పుడుతుంది. ఇల్లు, మనుషులు ఆ పిల్లకు సరిపోయినట్టు నడుస్తున్నన్ని రోజులు బయటికి కనపడకపోవచ్చు. అవి మారిపోతే ఒక్కసారే బయట పడుతుంది. చూసేవాళ్లకు అప్పుడే మొదలైనట్టు ఉంటుంది. ఈ పాపది ఈ రెండిట్లో ఏదన్నది, చిన్నప్పటి సంగతి తెలిస్తే తప్ప నేను చెప్పలేను. ఎవరు పెంచారు?"

"మా అత్తమ్మ."

"ఆమెను అడగండి. ఫోన్‌లో కాదు. పోయి, పక్కన కూర్చుని అడగండి."

పత్తి ఏరే రోజులు. నేను బోథ్ పోయేసరికి మా అత్తమ్మ వాకిట్ల పత్తి కుప్ప ముందట కూసొని గుల్లలు తీస్తున్నది. ఒక కంటికి శుక్లం వచ్చింది. నేను గూడ పక్కన కూసొని గుల్లలు తీసుకుంటనే అడిగిన. ఆమె చెప్పుడు మొదలు పెట్టి ఆపలే.

"పేరు వెట్టి పిలిస్తే మలిగి సూడకపోయేది బిడ్డా. చెవుడేమో అనుకున్న. మల్ల బిస్కట్ పుడ చప్పుడైతే అవతలి అర్రలకెల్లి ఉరికొచ్చేది. చందమామను సూపెడ్తె చందమామను సూడకపోయేది, నా ఏలును సూసేది. నీళ్లు గావాల్నంటే నోట్లెకెల్లి మాట రాకపోయేది. నా చెయ్యి వట్టి గుంజుకపోయి కుండ మీద పెట్టేది. మూడేండ్ల దాంక గట్లనే."

"చెవులు మూసుకునుడో?"

"పిండి గిర్ని మొదలైందంటే గోడకు తలకాయ కొట్టుకునేది. గందుకే గిర్ని నడిసే యాళ్లకు దాన్ని ఎత్తుకొని చేనుకు పోయేదాన్ని. పత్తి నడుమ చప్పుడుండదు గద. తినుడు గా ఒక్క స్టీలు గిన్నెలనే. జొన్నరొట్టె పాలల్ల సింపి పెట్టాలె. ఒకనాడు గిన్నె మార్చి పెడ్తె పొద్దందాక పస్తున్నది. ఇగ నేను మార్చలే. నెత్తి గూడ ఎవ్వరిని ముట్టనియ్యకపోయేదాన్ని."

నేను చేతుల ఉన్న గుల్ల కింద పెట్టిన. "మరి నాకెందుకు చెప్పలే అత్తమ్మా?"

"జబ్బనుకుంటే చెప్పనా? దాని తీరు గంతే అనుకున్న. ఒక్కొక్క మనిషిది ఒక్కొక్క తీరుంటది. ఊర్ల తెలుస్తే పేరు పెడ్తరని భయం గూడ ఉండె, అబద్ధమెందుకు." అని మల్ల పత్తి దిక్కు చూసుకుంట, "నువ్వు గూడ ఎన్నడు అడగలే గద బిడ్డా" అన్నది.

అందుల కోపం లేదు. ఉన్న మాట అన్నది. నేను బోథ్ దిక్కు ఎన్ని ఊర్లల్ల ఎంతమంది తల్లులను ఆ ప్రశ్నలు అడిగిన్నో లెక్క లేదు. నా ఇంట్ల నా బిడ్డను పెంచిన మనిషిని ఒక్కసారి అడగలే. తొమ్మిదేండ్లు ఆమె గిర్ని చప్పుడు రాకుండ, గిన్నె మారకుండ, నెత్తి ముట్టకుండ బిడ్డ చుట్టు ఒక ఇల్లు కట్టింది. మేము ఆ ఇంట్లకెల్లి పిల్లను తీసి కరీంనగర్‌ల పెట్టినం. అది ఒర్రితే, ఏ కారణం లేకుండ ఒర్రుతున్నదని డాక్టర్‌కు చెప్పినం.

ఆమె చెప్పిందంతా రాసుకొని వచ్చిన. డాక్టరమ్మ చదివి, ఇంకా రెండు మూడు సార్లు బిడ్డను చూసి, ఆటిజం అన్నది. ఒర్రినప్పుడల్ల అంతకు ముందు ఏమైందో ఒక పుస్తకంల రాయుమన్నది. రాసిన. కుక్కర్ విజిల్. మెడ కాడ గుచ్చే బట్ట లేబుల్. బడికి పోయే తొవ్వల కాల్వ తవ్వి సందు మార్చిన రోజు. సెలవు మీద పోయిన టీచర్. ఒక్కటి గూడ కారణం లేనిది కాదు. రెండు రోజులు గోడ దిక్కు పండుకునుడు గూడ మనసు కిందికి పడుడు కాదట. అంత కొట్లాడి అలిసిపోయిన పిల్ల పండుకున్నది.

ఆ మాట డాక్టరమ్మ చెప్పిన రోజు బయట బండి స్టాండ్ కాడ మా ఆయన చానసేపు తాళంచెవి చేతుల తిప్పుకుంట నిలబడ్డడు.

"ఆ పెండ్లిల కొట్టిన గద" అన్నడు.

"అవును" అన్న.

గోలీలు ఒక్కసారే బంద్ చేయద్దన్నది డాక్టరమ్మ. ఎనిమిది నెలలు పట్టింది తగ్గిచ్చుడు. బిడ్డ కొద్దికొద్దిగ లేచింది. దానితోని ఒర్రుడు గూడ లేచింది, అబద్ధం చెప్ప. గని ఈసారి మేము కుక్కర్ పక్కింట్ల పెట్టుకున్నం. లేబుల్స్ అన్నీ కత్తిరించినం. ప్రైవేట్ బడి వాళ్లు మా వల్ల కాదన్నరు. సర్కారు బడిల ఒక టీచరమ్మ కిటికీ పక్కన జాగ ఇచ్చి, బెల్లు కొట్టే ముందు కండ్లతోని సైగ చేస్త అన్నది. నాలుగో తరగతిల గడగడ చదివిన పిల్ల ఇప్పుడు వేలు పెట్టుకొని చదువుతున్నది. ఎడమ చేతి వణుకు పూర్తిగ పోలే.

బిడ్డకు పదమూడేండ్లప్పుడు వానకాలంల మా అత్తమ్మ పోయింది. పక్షవాతం వచ్చి వారం రోజులు మంచంల ఉన్నది. మేము పోయేసరికి మాట లేదు. చర్చిల ప్రార్థన అయినంక సమాధుల తోటకు తీసుకపోయిండ్రు. బిడ్డ పెట్టె పక్కన నిలబడి వాళ్ల బాపమ్మ చీర కొంగు పట్టుకొని వాసన చూసింది. కంట్లకెల్లి ఒక్క చుక్క రాలే. మట్టేసే యాళ్లకు, "రొట్టె ఎవరు చేస్తరు?" అని అడిగింది. వెనక ఎవరో, అంత పెంచితే గిట్లనా, రాయి ఉన్నట్టున్నది అన్నరు. నేను విన్న. తిరిగి చూడలే.

పోయినోళ్ల ఇంటోళ్ల కోసం చేసే ఆదరణ కూడిక ప్రార్థన అయినంక కరీంనగర్ వచ్చినం. రెండు మూడు వారాలు ఎప్పటి తీరుగనే ఉన్నది. తర్వాత మారింది. గోడ పొంటి తిరుగుడు బంద్ చేసింది. దాని నవ్వు లేదు. పాలు రొట్టె ముందట పెడ్తె చూసుకుంట కూసునేది. తెల్లారకముందే లేచి మంచం మీద అట్లనే ఉండేది. ఒకనాడు మా ఇంటి ముందట గణేష్ ఊరేగింపు పోయింది, డప్పులతోని. నేను ఉరికి దాని దగ్గరికి పోయిన. చెవులు మూసుకోలే. ఊరికె కూసొని ఉన్నది. దాని ఒర్రుడుకు ఎన్నడు అంత భయపడలే.

తెల్లారి "బాపమ్మ కాడికి పోత" అన్నది.

"బోథ్ పోదామా బిడ్డా?"

"బోథ్‌ల లేదు గద" అన్నది.

అదే వారం డాక్టరమ్మ దగ్గర కూసున్నం. ఆమె ముందు బిడ్డతోని మాట్లాడింది, తర్వాత నన్ను అడిగింది. ఈసారి నేను చెప్పగలిగిన. ఇది దాని తీరు కాదు మేడం. దాని తీరు నాకు తెలుసు. చప్పుడైతే చెవులు మూసుకుంటది, సంతోషమైతే తిరుగుతది, రొట్టె విడువది. నెల నుంచి ఇవేవి లేవు. ఆమె తల ఊపింది. ఆటిజం ఉన్న పిల్లలకు గూడ డిప్రెషన్ వస్తుంది, అది వేరు, ఇది వేరు, ఇప్పుడు రెండూ ఉన్నాయి అన్నది. ఏడ్వలేదని దుఃఖం లేదనుకోవద్దు అన్నది. పిల్లను ఒక్కదాన్నే విడిచిపెట్టద్దని గట్టిగ చెప్పి, ఒక చిన్న మందు రాసింది.

ఆ గోలి చేతులకు తీసుకున్నంక నేను ఇయ్యలేకపోయిన. చానసేపు వంటింట్ల నిలబడ్డ. మా ఆయన వచ్చి నా చేతులకెల్లి తీసుకొని బిడ్డకు ఇచ్చిండు. అప్పటి నుంచి ఆయనే ఇస్తుండె. నేను లాంగ్ లీవ్ పెట్టి ఇంట్లనే ఉన్న. జొన్నపిండి పట్టిచ్చి రొట్టె చేసుడు నేర్చుకున్న. నాది మా అత్తమ్మ రొట్టె లెక్క పల్చగ రాలే, అంచులు పలిగేటివి. బిడ్డ ముట్టకపోయేది. క్రిస్మస్ దగ్గర పడ్తుండంగ ఒకనాడు సగం తిన్నది. తిని, "మంచిగ లేదు" అన్నది. తెల్లారి మల్ల సగం తిన్నది. చలి తగ్గేసరికి గోడ పొంటి నడుచుడు మొదలు పెట్టింది. ఆ అడుగుల చప్పుడు వినుకుంట నేను అంట్లు తోముకున్న.

ఇప్పుడు దానికి పదిహేనేండ్లు. ఓపెన్ స్కూల్‌ల పదో తరగతికి కట్టినం. అవుతదో కాదో తెల్వది. మూడు నెలలకొకసారి డాక్టరమ్మకు చూపిస్తం. మా ఆయన ఎక్కువ మాట్లాడడు గని, ఆదివారం పొద్దున ఖాళీగ పోయే మొదటి బస్సుల దాన్ని కిటికీ పక్కన కూసోబెట్టుకొని జగిత్యాల దాంక పోయి వస్తడు. ఆ రెండు గంటలు ఇద్దరు ఏం మాట్లాడుకుంటరని అడిగితే, ఏం లేదు అంటడు.

మొన్న చలికాలం ఒక మధ్యాన్నం ఇద్దరం చిక్కుడుకాయల ఈనెలు తీసుకుంట కూసున్నం. ఎందుకు అడగబుద్ధయిందో, "ఐదో తరగతిల మీ క్లాస్ టీచర్ ఎవరు బిడ్డా?" అని అడిగిన.

"తెల్వది."

"ఆరుల?"

"తెల్వది. నిద్రొస్తుండె."

అంతే చెప్పి ఇంకో కాయ తీసుకున్నది. అన్నీ ఒక్క కొలతకు తుంపుతున్నది. నేను లేచి లోపటికి పోయి మొఖం కడుక్కొని వచ్చి, మిగిలిన కాయలు నా ముందటికి జరుపుకున్న.